అమ్మలూ, కంప్యూటర్‌తో తగువు పడేముందు

చిరంజీవి అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసేసరికి ఇక్కడ కరెంటు లేదు. ఇన్వర్టర్ కీచుమంటోంది, నీ మాట సగమే వినబడింది. ఆ సగంలో నాకు అర్థమైందిది. సైన్ ఎక్స్‌ని కాస్ ఎక్స్‌తో గుణించి ఇంటిగ్రేట్ చెయ్యమంటే నీ లెక్కల సాఫ్ట్‌వేర్ సైన్ స్క్వేర్‌లో సగం అంది. నీ రూమ్మేట్‌ది మైనస్ కాస్ స్క్వేర్‌లో సగం అంది. పన్నెండింటిదాకా వాదించుకుని, వార్డెన్ చేత తిట్లు తిని, చివరికి "ఎవరిది కరెక్టు తాతయ్యా?" అని నన్ను అడిగావు.

ముందు ఆ తగువు తీర్చేద్దాం. ఒక జవాబులోంచి రెండోది తీసెయ్. సైన్ స్క్వేర్‌లో సగమూ కాస్ స్క్వేర్‌లో సగమూ కలిసి అర అవుతుంది. ఎక్స్ ఎంతైనా ఆ అర మారదు. అంటే రెండు జవాబులకీ ఒక స్థిరాంకమే తేడా. ప్లస్ టూలో చివర "ప్లస్ సి" రాయలేదని మీ మేడం మార్కు కోస్తే నా దగ్గరకొచ్చి ఏడ్చావు, గుర్తుందా? ఆ సి ఇదే. ఈ సాఫ్ట్‌వేర్లు మామూలుగా దాన్ని రాయవు, మనమే కలుపుకోవాలి. ఇద్దరిదీ కరెక్టే. ఒక్క తీసివేతతో తేలేదానికి వార్డెన్ దాకా వెళ్లారు.

రెండు జవాబులు చూడ్డానికి వేరుగా ఉన్నాయని వేరే అనుకోకు. తీసివేసి చూడు. సున్నా వచ్చిందా, సరే. ఇంటిగ్రల్ అయితే స్థిరాంకం మిగిలినా సరే. ఏదో పెద్ద గుట్ట మిగిలిందా, సింప్లిఫై చెయ్యమను. అదీ లొంగకపోతే ఎక్స్‌కి 0.7 అనో 2.3 అనో నాలుగైదు విలువలు వేసి చూడు. ఒక్కచోట తేడా కొట్టినా రెండూ ఒకటి కాదని తేలినట్టే. ఇంటిగ్రల్ అయితే జవాబుని తిరిగి డిఫరెన్షియేట్ చెయ్, మొదలుపెట్టిన చోటికే రావాలి. సింప్లిఫై మీద మాత్రం మరీ నమ్మకం పెట్టుకోకు. సైన్, ఎక్స్‌పొనెన్షియల్, మాడ్యులస్ లాంటివన్నీ కలిసిన గుట్ట సున్నాయా కాదా అని ప్రతిసారీ తేల్చిచెప్పే పద్ధతి అసలు ఉండదని రిచర్డ్‌సన్ అనే గణితజ్ఞుడు 1968లోనే నిరూపించాడు. సాఫ్ట్‌వేర్ చేతకానిది కాబట్టి కాదు, ఎవరివల్లా కానిది కాబట్టి.

ఇక అసలు సంగతి. "ఇది తప్పు చెప్పింది" అని నువ్వు అన్నప్పుడల్లా, దానికి నువ్వేం చెప్పకుండా వదిలేశావో ముందు వెతుక్కో. నేను మాక్సిమా అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడతాను. ఎక్స్ పవర్ ఎన్‌ని ఇంటిగ్రేట్ చెయ్యమంటే అది జవాబివ్వదు, ఎదురు ప్రశ్న వేస్తుంది: ఎన్ మైనస్ 1కి సమానమా? అని. కాదంటే మామూలు సూత్రం ఇస్తుంది, అవునంటే లాగ్ ఇస్తుంది. మొదటిసారి నాకు చిరాకేసింది, అడిగినదానికి జవాబు చెప్పక నన్ను అడుగుతుందేమిటని. ఇప్పుడు ఆ ప్రశ్న చూస్తే ముచ్చటేస్తుంది. నేను పాఠం చెప్పిన ఏళ్లన్నిట్లో ఆ ప్రశ్న అడిగిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అడక్కుండా మామూలు సూత్రం చేతిలో పెట్టేసే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. వాటితోనే జాగ్రత్త.

నా అవమానం ఒకటి చెబుతాను, మీ అమ్మకి కూడా తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు బోర్డు మీద ఎక్స్ స్క్వేర్ మైనస్ 6 ఎక్స్ ప్లస్ 9కి వర్గమూలం ఎక్స్ మైనస్ 3 అని టకటకా రాసేసి కింద గీత కూడా గీశాను. కాశీనగర్ నుంచి వచ్చే కుర్రాడొకడు, ఎప్పుడూ ఆఖరి బెంచీ, లేచి "ఎక్స్‌కి 1 వేస్తే మూలం 2 వస్తోంది, మీది మైనస్ 2 వస్తోంది సార్" అన్నాడు. సుద్దముక్క చేతిలోనే ఉంది, మాట రాలేదు. కూర్చోమన్నాను. తప్పు నాదని ఒప్పుకోడానికి ఇంకో రెండు రోజులు పట్టింది, అదీ వేరే పాఠం మధ్యలో గొణిగాను. ఎక్స్ స్క్వేర్‌కి వర్గమూలం మాక్సిమాని అడుగు, మాడ్యులస్ ఎక్స్ అంటుంది. సింపై అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌ని అడుగు, ఎక్స్ ధనమో రుణమో నువ్వు చెప్పేదాకా దాన్ని అలాగే ఉంచేస్తుంది. రెండూ ఆ రోజు నాకంటే నయం.

దశాంశాల గురించి ఒక మాట. అర అని చెప్పాలంటే 1/2 అని కొట్టు, 0.5 అని కాదు. చుక్క పెట్టావంటే అది ఉజ్జాయింపు లెక్కలోకి దిగిపోతుంది. ఎంత నష్టమో చూపిస్తాను. ఒక సంఖ్యని వర్గం చేసి, 61తో గుణించి, 1 కలిపితే మళ్లీ పూర్ణ వర్గం రావాలి. సున్నా కాకుండా అలాంటి అతి చిన్న సంఖ్య ఏది? మన భాస్కరుడు 12వ శతాబ్దంలో చక్రవాళ పద్ధతిలో చేత్తో తేల్చాడు: 226153980. వచ్చే వర్గం 1766319049ది. ఇదే లెక్కని ఫ్రాన్స్ గణితజ్ఞుడు ఫెర్మా 1657లో యూరప్ వాళ్లకి సవాలుగా విసిరాడు, అప్పటికి మనవాళ్లు చేసి 500 ఏళ్లయింది. ఇప్పుడు నువ్వు దీన్ని సరిచూడు. ఆ వర్గం 19 అంకెల సంఖ్య. చుక్క పెట్టిన లెక్కలో మామూలుగా నిలిచేవి 15, 16 అంకెలే. అంటే నువ్వు కలిపిన ఆ 1 కలిపినట్టే ఉంటుంది, ఎక్కడా కనబడదు. లెక్క మొత్తం ఆ ఒకటి మీదే కదా నిలబడింది! చుక్క లేకుండా చేస్తే చివరి అంకెదాకా సరిపోతుంది.

మా అరుగు కబురు చెప్పకుండా ఉత్తరం ముగిస్తే మీ అమ్మమ్మే నవ్వుతుంది. సాయంత్రం ఆరయ్యేసరికి నలుగురం చేరతాం. చిన్న రైలు బండి తిరిగిన రోజుల్లో గార్డుగా చేసినాయన, ఎదురింటి ఒడియా మాస్టారు, పాతపట్నం నుంచి బండి మీద వచ్చే కంప్యూటర్ కుర్రాడు, నేను. నా లాప్‌టాప్ ఒక్కటే, బాటరీ గంటన్నర వస్తుంది. తెలుగులో మొదలై, కోపం వస్తే ఒడియాలోకి వెళ్లి, టీ వచ్చాక మళ్లీ తెలుగులోకి వస్తుంది మాట. ఒడియా మాస్టారు "ఆగ్యా" అని మర్యాదగా అందుకున్నాడంటే నువ్వు చెప్పింది ఒప్పుకోబోవడం లేదన్నమాట.

ఓ రోజు నేను ఎక్స్ పవర్ ఎన్ మైనస్ 1ని కారణాంకాలుగా విడగొట్టి చూపిస్తున్నాను. 6 దాకా చేత్తో చేశాం. 12 కాగితం మీద చేశాం. ఆ పైన మాక్సిమా. విడగొట్టగా వచ్చిన ముక్కలన్నిట్లోనూ గుణకాలు 1, మైనస్ 1, లేదంటే సున్నా. 30, 50, 80, అన్నిట్లోనూ అంతే. "ఎప్పుడూ ఇంతే" అని నేనే అన్నాను, నలభై ఏళ్లుగా నమ్మినదాన్ని. గార్డుగారు మాత్రం వదల్లేదు. ఆయనకి పట్టాలు కళ్లతో చూస్తే గాని లైను సరిగ్గా ఉందని నమ్మే అలవాటు లేదు. 100 దాటించాడు. 101, 102, 103, 104. 105 కొట్టగానే తెర నిండా కొండవీటి చాంతాడంత ముక్క వచ్చింది. కుర్రాడు స్క్రోల్ చేస్తున్నవాడు ఆగిపోయాడు. ఎక్స్ పవర్ 7 ముందు మైనస్ 2. ఇంకా పైన ఎక్స్ పవర్ 41 ముందు కూడా మైనస్ 2.

"బగ్గు" అన్నాడు కుర్రాడు. "ఆగ్యా," అన్నాడు మాస్టారు, "ముక్కలన్నీ మళ్లీ గుణించు." గుణించాం. ఎక్స్ పవర్ 105 మైనస్ 1, ఇంకేమీ లేదు. బగ్గు కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము. పొద్దున్న కాగితం మీద ఆలోచిస్తే దొరికింది. 105 అంటే 3, 5, 7ల లబ్ధం. మూడు వేర్వేరు బేసి ప్రధాన సంఖ్యలు కలిసి దిగే సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది అదే. రెండు బేసి ప్రధానాలకి మించకపోతే గుణకాలు ఆ హద్దు దాటవని మిగోట్టి 1883లో చూపించాడు. 104 దాకా మూడు పట్టే చోటే లేదు, అందుకే అంతదాకా నా మాట నిజమైంది. ఇంతకీ అక్కడితో ఆగలేదు. ఏ పూర్ణాంకం తీసుకున్నా అది ఎక్కడో ఒక ముక్కలో గుణకంగా వచ్చి తీరుతుందని సుజుకి 1987లో నిరూపించాడు. నేను పిల్లలకి "ఎప్పుడూ ఇంతే" అని చెప్పిన ఏళ్లలో చాలా భాగం దాని తర్వాతవే.

కాబట్టి వంద ఉదాహరణలు కుదిరాయని నీ ప్రాజెక్టులో "అని నిరూపించబడింది" అని రాయకు. "ఇంతదాకా చూశాం" అని రాయి, ఎంతదాకానో అంకె వెయ్.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అన్నావు. ఏదీ కొనకు. మాక్సిమా ఉచితం. 1968లో ఎంఐటీలో మొదలైన Macsyma దీని ముత్తాత అనుకో. షెల్టర్ అనే ప్రొఫెసర్ 1982 నుంచి చనిపోయేదాకా దాన్ని ఒక్కడే సాకి, 1998లో అనుమతి తెచ్చి అందరికీ పంచిపెట్టాడు. సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ) అయితే ఫ్రాన్స్‌లో బోర్డోవాళ్ల పారి అనే సాఫ్ట్‌వేర్. అన్నీ ఒకేచోట కావాలంటే సేజ్, కానీ నీ లాప్‌టాప్‌కి బరువు. ఒక్కటే పట్టుకుని దాని మాన్యువల్ చదువు, రెండోది సరిచూసుకోడానికి ఉంచు.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు తెర ఫోటో తీసి పంపకు, కొట్టిన లైను కొట్టినట్టు అక్షరాల్లో పంపు. లేకపోతే నీకోసం ఇంకొకరు మళ్లీ కొట్టాలి. ఏ వెర్షనో చెప్పు. అన్నిటికంటే ముఖ్యం, లెక్కని కోసెయ్. నీ రెండు పేజీల లెక్కలో తేడా ఎక్కడో ఒక్క లైనులో ఉంటుంది. సగం తీసేసి చూడు, తప్పు ఇంకా వస్తోందా? వస్తే మిగిలినదాంట్లో సగం తియ్. అలా కోస్తూ పోతే పదిసార్లలో ఏడుసార్లు తప్పు నీదేనని నీకే తెలిసిపోతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. నా అనుభవంలో అయితే తొమ్మిదిసార్లు. అడిగేది కూడా నువ్వు మాట్లాడే మాటల్లోనే రాసుకో ముందు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తిగారు పోరాడిన ఊరు మనది. నోటితో చెప్పలేని లెక్కని ఇంగ్లీషులో రాస్తే అర్థమైనట్టు అనిపిస్తుంది గాని అర్థమవ్వదు.

దసరాకి గుణుపూర్ బండిలో దిగేటప్పుడు నీ లాప్‌టాప్ తెచ్చుకో, నాది అరుగు మీద నలుగురికీ చాలడం లేదు. ఈలోగా ఎక్స్ పవర్ ఎన్ మైనస్ 1లో ఎన్‌కి 385 వేసి విడగొట్టి చూసి పెట్టు. అందులో ఏముందో నేను చెప్పను, గార్డుగారికి కూడా చెప్పొద్దన్నాను. మీ అమ్మమ్మ మామిడి తాండ్ర వార్డెన్‌కి కూడా ఒక ముక్క ఇమ్మంటోంది.

తాతయ్య
పర్లాకిమిడి