బ్యాంకు జప్తు చేసిన ఏపీ కారు ఆన్‌లైన్ వేలంలో కొని బరంపురం తెచ్చుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఉండేది ఒడిశాలోని బరంపురంలో, విశాఖ యార్డులో ఏపీ నంబరున్న 2018 పెట్రోల్ స్విఫ్ట్ బ్యాంకు వేలానికి వచ్చింది, బయటి రేటు కంటే బాగా తక్కువలో మొదలవుతోంది, పాట పాడొచ్చా, ఎంతవరకు పాడొచ్చు అని. పాడొచ్చండి. ఇంజిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆర్‌సీ ఈరోజు ఎవరి పేరున ఉందో తేల్చుకోండి.

కిస్తీలు కట్టలేదని బ్యాంకు తెచ్చుకున్న బండి ఆర్‌సీని పాత ఓనరు ఇవ్వకపోతే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51(5) కింద బ్యాంకు తన పేరున కొత్త ఆర్‌సీ కోసం ఫారం 36 పెట్టుకుంటుంది. ఆర్టీఓ ఓనరుకు నోటీసు పంపి, పాత ఆర్‌సీ రద్దు చేసి, బ్యాంకు పేరున కొత్తది ఇస్తారు. అలాంటి బండి దొరికితే మీ తలనొప్పి సగం తగ్గినట్టే. చాలా బండ్లకు అంత పని జరగదు. ఆర్‌సీ పాత ఓనరు పేరునే ఉంటుంది, అప్పు ఇచ్చిన రోజున సంతకం పెట్టించుకున్న ఫారం 29, 30 (పేరు మార్పు కాగితాలు) మీ చేతికిస్తారు. ఆ సంతకం ఆర్టీఓ రికార్డుతో కలవకపోయినా, ట్రాన్స్‌ఫర్‌కి ఓటీపీ పాత ఓనరు ఫోన్‌కి వెళ్లినా పని అక్కడితో ఆగిపోతుంది. బండి పోగొట్టుకున్న మనిషి మీకు ఓటీపీ చెప్తాడని ఆశ పెట్టుకోవద్దు. వేలం పేజీలో ఆర్‌సీ దగ్గర 'లేదు' అని రాసి ఉంటే, ఫారం 36 ఎవరు పెడతారు, ఎన్నాళ్లకు ఇస్తారు అని బ్యాంకును మెయిల్‌లో అడగండి. రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఆ బండి వదిలేయండి, ఎంత చవకైనా సరే.

నంబరు చేతిలో ఉంది కాబట్టి ప్రభుత్వ యాప్ ఎమ్‌పరివాహన్‌లో కొట్టి చూడండి. హైపోథికేషన్ (బండి మీద అప్పు) కాలమ్‌లో వేలం వేస్తున్న బ్యాంకు పేరే ఉండాలి. వేరే ఫైనాన్స్ పేరుంటే ఇంకో అప్పు ఉన్నట్టు. బ్లాక్‌లిస్ట్, ఇన్సూరెన్స్ తేదీ కూడా అక్కడే తెలుస్తాయి. చలాన్లు పరివాహన్ సైట్లోనూ, ఏపీ పోలీసుల చలాన్ సైట్లోనూ రెండుచోట్లా చూడాలి. అవి తీరకపోతే ఎన్ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం, కదలదు.

యార్డుకి మాత్రం తప్పకుండా వెళ్లండి, మంచి మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి. ఫోటోలు చూసి పాడకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బోలెడు కార్లు మునిగాయి. అలాంటివి కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి ఏ ఊరి యార్డుకైనా చేరొచ్చు. సీటు బెల్టుని ఆఖరి దాకా లాగండి. పైభాగం శుభ్రంగా ఉండి, రీలులో చుట్టుకుని ఉండే చివరి భాగంలో మట్టి చార కనబడితే నీళ్లలో ఉన్న బండే. సీటు కింద పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ గుంట, కార్పెట్ కింద రేకు, డాష్‌బోర్డు కింద కనెక్టర్లలో పచ్చటి చిలుం, ఇవన్నీ టార్చి వేసి చూడాలి. ముఖ్యంగా, స్టార్ట్ చేయించే ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిపించండి. కాగితం ముడతలు పడి బురద గీత ఉందంటే సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఉండొచ్చు. నీళ్లు అణగవు కాబట్టి, ఆ స్థితిలో తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిలు కొలిచే పుల్ల) మీద ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా అదే అనుమానం.

కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టేవాళ్లకి ఒక మాట. ఫాల్ట్ కోడ్లు లేవు, రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను చేసుకునే పరీక్షలు) 'నాట్ రెడీ' అంటే ఎవరో కోడ్లు చెరిపారని మామూలుగా అనుకుంటాం. యార్డు బండి బ్యాటరీ నెలల తరబడి చచ్చిపడి ఉంటుంది కాబట్టి చాలా బండ్లలో అది కూడా మానిటర్లను రీసెట్ చేస్తుంది. దాన్ని బట్టి బండి మంచిదనీ చెడ్డదనీ తేల్చలేం. ఎయిర్‌బ్యాగ్ లైటు తాళం తిప్పగానే వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో ఆ లైటుని తీసేసి ఉండొచ్చు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. మీటరు 25 వేలు చూపిస్తూ నాలుగు టైర్లూ 2023వి అయితే మీటరుని నమ్మకండి. బానెట్ కింద ఎలుకలు కొరికిన వైర్లు, పట్టేసిన బ్రేకులు నిలిపి ఉంచిన బండ్లలో మామూలే. అవి బాగవుతాయి, ఖర్చులో వేసుకోండి.

వేలం నియమాల్లో 'ఉన్నచోట, ఉన్నట్టుగా' అని ఉంటుంది. తర్వాత ఏం బయటపడినా అడగడానికి లేదు. హెచ్చుపాట మీదే అయినా బ్యాంకు ఒప్పుకుంటేనే ఖాయం. ఒప్పుకున్నాక గడువులో డబ్బు కట్టకపోతే ఈఎండీ (పాటకు ముందు కట్టే ధరావతు) పోతుంది. బయ్యర్ ఫీజు, దానిమీద జీఎస్టీ, యార్డు అద్దె ఏ రోజు నుంచి, పాత చలాన్లు ఎవరివి అన్న నాలుగూ పాటకు ముందే చదవండి. డబ్బు నియమాల్లో రాసిన ఖాతాకే, మీ ఖాతా నుంచే వెళ్లాలి. యార్డు మనిషి ఫోన్ నంబరుకి వేయమంటే వేయొద్దు.

ఎంతవరకు పాడాలంటే, లెక్క వెనక నుంచి చేయండి. బరంపురంలో ఓడీ (ఒడిశా) నంబరుతో అదే మోడల్ 4,20,000 పలుకుతుందనుకుందాం. అందులోంచి బయ్యర్ ఫీజు, ఒడిశా రోడ్ ట్యాక్స్, రెండువైపులా ఆర్టీఓ ఖర్చులు, రికవరీ బండి కిరాయి, బ్యాటరీ, నాలుగు టైర్లు, రెండో తాళం కోడింగ్ తీసేయండి. మిగిలిన దాంట్లోంచి కనబడని రిపేర్లకి ఇంకో 40 వేలు పక్కన పెట్టండి. వచ్చిన అంకె కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి, ఎందుకంటే ఆఖరి నిమిషంలో ఎవరు పాడినా టైము పొడిగించే వేలాలున్నాయి, జనం జారిపోయేది అక్కడే. ఏపీలో ముందే కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు గానీ, ఆ డబ్బును ఈ లెక్కలో కలపకండి.

తీసుకురావడం రికవరీ బండి మీదే మేలు. విశాఖ నుంచి సుమారు 260 కిలోమీటర్లు. ఇన్సూరెన్స్ అయిపోయిన కారుని నడుపుకుంటూ ఇచ్ఛాపురం దాటుతుంటే మీరు ఎవరినైనా గుద్దితే, ఆ నష్టమంతా మీ జేబులోంచే. రిలీజ్ లెటర్, బ్యాంకు అమ్మకం పత్రం డ్రైవరు దగ్గర ఉంచండి.

'వేరే రాష్ట్రం బండిని 12 నెలలు తిప్పుకోవచ్చు' అని అందరూ చెప్తారు. ఆ గడువు సెక్షన్ 47 కింద కొత్త నంబరు తీసుకోవడానికి. పేరు మార్పుకి మాత్రం సెక్షన్ 50 ప్రకారం కొన్నవాళ్లకి ఉన్నది 30 రోజులే. అందుకే ఫారం 28 మీద ఎన్ఓసీ, ఫారం 35 మీద హైపోథికేషన్ రద్దు, ఫారం 29, 30 ఒకేసారి తెమిలేలా బ్యాంకుతో మాట్లాడుకోండి. ఇక్కడికొచ్చాక ఫారం 27తో ఒడిశా నంబరుకి పెట్టాలి. యార్డులో ఉండగానే ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు రెండు మూడు తీసుకోండి, ఆర్టీఓలో అడుగుతారు. పాత ఫాస్టాగ్ కూడా దాన్ని ఇచ్చిన బ్యాంకుతో మూయించండి, అది బతికుండగా కొత్తది ఇవ్వరు. ఎన్ఓసీలో ఏ ఆఫీసు పేరు రాయించాలో ముందే మీ అడ్రసుని బట్టి చూసుకోండి. గంజాం జిల్లాలోనే బరంపురం వైపు ఓడీ 07, భంజనగర్ వైపు ఓడీ 32. తప్పు పేరు పడితే కాగితం దిద్దించుకోవడానికి మళ్లీ విశాఖ దాకా వెళ్లాల్సి వస్తుంది.