అమ్మ చిత్తుప్రతులు సర్దే ముందు

చిట్టితల్లికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి రెండు మూడుసార్లు చూశాను. మంచం కింద మూడు అట్టపెట్టెలు, అటక మీద ట్రంకు పెట్టె, మూతి బిగించి కట్టిన గుడ్డసంచి, బట్ట కప్పిన పాత కంప్యూటర్. ఇల్లు మారేలోగా ఇవన్నీ నీట్‌గా సర్ది, మీ అమ్మ నవలల్లో పేరొచ్చినవాటి చిత్తుప్రతులు మాత్రం ఏదైనా ఆర్కైవ్‌కి, అంటే పాత రాతప్రతులు భద్రపరిచే చోటుకి, ఇచ్చేద్దామనుకుంటున్నానని రాశావు. వదినేమో "డిటెక్టివ్ నవలల చిత్తుకాగితాలు ఎవరిక్కావాలి, అవతల పారెయ్" అందని కూడా రాశావు. ముప్పై ఏళ్లకు పైగా ఆర్కైవ్‌లో ఇలాంటి పెట్టెల మధ్యే పనిచేసినవాణ్ని, ఈ రెండు మాటలూ చదివాక నాకు స్థిమితం లేకుండా పోయింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

ముందుగా చెప్పేది ఒకటే: ఏదీ సర్దకు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక అపరాధ పరిశోధన రచయిత కాగితాలు మా దగ్గరికొచ్చాయి. కట్టలు కట్టలుగా, ఒకదాంట్లో ఒకటి దూరి, ఏ పేజీ ఏ నవలదో తెలియకుండా ఉన్నాయి. వారం రోజులు కూర్చుని నవలల వారీగా విడదీసి, పేజీ నంబర్ల ప్రకారం పేర్చి, కొత్త ఫైళ్లలో పెట్టాను. ఎంతో గొప్ప పని చేశాననుకున్నాను. నాలుగేళ్ల తర్వాత ఒక పరిశోధకురాలు వచ్చి వాటిలో రెండు నవలల మీద పని మొదలుపెట్టింది. రెండింట్లోనూ ఒకే రకం వాన రాత్రి, పేరు మారినా అదే పనిమనిషి. "ఇవి మొదట ఒకే నవలగా మొదలయ్యాయా? వచ్చినప్పుడు ఈ పేజీలు ఏ కట్టలో, వేటి పక్కన ఉన్నాయి?" అని అడిగింది. చెప్పలేకపోయాను. ఆ సంగతి చెప్పగలిగింది ఆ కలగాపులగం ఒక్కటే. దాన్ని నా చేతుల్తో నేనే చెరిపేశాను. హత్య జరిగిన గదిని పోలీసులు రాకముందే కడిగేసినట్టయింది. ఆమె మొహం ఇప్పటికీ మర్చిపోలేదు.

కాబట్టి వదిన ఏ పెట్టెలో ఏది పెట్టిందో అది అందులోనే ఉండాలి. మూత తీసి ఫొటో తియ్యి. పెట్టెకో నంబరు వెయ్యి. ఎక్కడ దొరికిందో ఒక నోట్‌బుక్‌లో రాయి: "మంచం కింద, గోడవైపు" అన్నంత వివరంగా. లోపలి కట్టలు పైనుంచి కిందికి ఏ వరుసలో ఉన్నాయో రాయి. ఇంతవరకు నీ పని. అందులో ఏమేం ఉన్నాయో జాబితా తయారుచేసే పని ఆర్కైవ్ వాళ్లు చేస్తారు, అందుకే వాళ్లకు ఏళ్ల శిక్షణ ఇస్తారు.

ఇక వదిన అన్న మాట. డిటెక్టివ్ నవలకీ, దెయ్యాల కథకీ, సైన్స్ ఫిక్షన్‌కీ చిత్తుప్రతులు ఎందుకనే మాట నేను రచయితల నోటనే చాలాసార్లు విన్నాను. సైన్స్ ఫిక్షన్‌లో పేరుమోసిన ఐజాక్ అసిమోవ్ అంతటివాడు తన పాత రాతప్రతులను ఎప్పటికప్పుడు తగలబెట్టేస్తూ ఉండేవాడు. 1960ల్లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో సేకరణలు చూసే అధికారి వచ్చి ఆయన కాగితాలు అడిగాకే అది ఆగింది. ఆ ముందు కాలిపోయినవి మళ్లీ రావు కదా. దీనికి పూర్తిగా వ్యతిరేకం ఆక్టేవియా బట్లర్. ఆవిడ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి, 2006లో పోయారు. 2008లో ఆమె కాగితాలు కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీకి చేరాయి. ఇప్పుడవి వందల పెట్టెలు. నవలల డ్రాఫ్టులతో పాటు నోట్‌బుక్కులు, జాబితాలు, తనకు తాను రాసుకున్న ధైర్యవచనాలు అన్నీ ఉన్నాయి. 1988లో ఒక నోట్‌బుక్ అట్ట లోపలివైపు, తన పుస్తకాలు లక్షల మంది చదువుతారని తనకు తనే మాటిచ్చుకుంటూ రాసుకున్నారు. నవలల ఫెయిర్ కాపీలు ఒక్కటే ఇచ్చి ఉంటే ఆ అట్ట ఎక్కడికి పోయేది?

ఇంకో సంగతి. మిస్టరీ రాసేవాళ్ల చిత్తుప్రతికి ఉన్న విలువ వేరు. ఆ కథ చివరి నుంచి మొదటికి అల్లుకుంటూ వస్తుంది. ఆధారం ఎక్కడ పెట్టాలి, ఎక్కడ దాచాలి, పాఠకుడి చూపు ఎటు మళ్లించాలి అనే పని అంతా చిత్తులోనే జరుగుతుంది. అచ్చయిన పుస్తకంలో ఆ కుట్లు కనపడకుండా ఉండటమే రచయిత గొప్పతనం. నాకు ఒక పేజీ ఇప్పటికీ కళ్ల ముందుంది. పసుపెక్కిన కాగితం, పై మూలన గుండుసూది తుప్పు మరక. నీలం సిరాతో రాసిన సంభాషణ మీద అడ్డంగా పెన్సిల్ గీత. మార్జిన్‌లో చిన్న అక్షరాలతో "గడియారం ఇక్కడ వద్దు. 3లో పెట్టు. తమ్ముడు కాదు, డాక్టర్" అని ఉంది. అంటే అప్పటిదాకా హంతకుడు తమ్ముడు. ఆ పెన్సిల్ గీతతో డాక్టరయ్యాడు. పుస్తకంలో మూడో అధ్యాయంలో గోడ గడియారం ఆగిపోయి ఉంటుంది, చదివేవాళ్లెవరూ పట్టించుకోరు. అది ఎందుకు అక్కడికొచ్చిందో ఆ ఒక్క పేజీ చెబుతుంది. అలాంటివి వదిన పెట్టెల్లో ఎన్ని ఉన్నాయో!

అందుకే "మంచి నవలలవి మాత్రం" అనే మాట మానెయ్. సగంలో ఆగిపోయినవి, తిరిగొచ్చినవి, పత్రిక వాళ్లు కత్తిరించిన సీరియల్ భాగాలు, సంపాదకుడి ఉత్తరాలు, ప్రూఫులు, రాయల్టీ కాగితాలు, అభిమానుల ఉత్తరాలు, ఒకే డిటెక్టివ్‌తో సాగిన నవలల్లో ఎవరికి ఎన్నేళ్లో, ఎవరి ఇల్లెక్కడో గుర్తుకోసం రాసుకున్న చార్టులు, మ్యాపులు, అన్నీ ఉంచు. డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ నోట్‌బుక్కులు 73 మిగిలాయి. వాటిలో హత్యల పథకాల పక్కనే ఇంటి పనుల జాబితాలు ఉన్నాయి. ఆ జాబితా పేజీలు "అనవసరం" అని ఎవరైనా చింపేసి ఉంటే పథకాలూ పోయేవి. ఫాంటసీ నవలలు రాసిన టోల్కీన్ అయితే కాగితాలకు కరువున్న రోజుల్లో విద్యార్థుల పరీక్ష పేపర్ల వెనకవైపు రాసుకున్నాడు. కనుక ప్రతి కాగితం వెనక్కి తిప్పి చూడు. కరెంటు బిల్లు అనుకున్నదాని వెనక ఒక అధ్యాయం ఉండొచ్చు.

కాగితాలను ముట్టుకునే పద్ధతి పెద్ద విద్యేం కాదు. చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకుంటే చాలు, గ్లౌజులు వద్దు. గుడ్డ గ్లౌజులతో పేజీ అంచు వేళ్లకు తెలియక చిరుగుతుంది. ఫొటోలకు మాత్రం గ్లౌజులు మంచివి. కరిగి అంటుకున్న రబ్బరు బ్యాండును లాగకు, ఊడి వచ్చినంత తీసి మిగతాది వదిలెయ్. తుప్పు పట్టిన పిన్ను కాగితం చింపకుండా వస్తేనే తియ్యి. తీసినా ఆ పేజీలు కలిసే ఉండేలా మడిచిన తెల్లకాగితం మధ్య పెట్టు. చిరిగినచోట సెలోటేప్ అంటించొద్దు, ఏ పేజీనీ లామినేషన్ చేయించొద్దు. ఈ రెండూ తర్వాత తీయడానికి వీలుకాని పనులు. ఏదైనా రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో ఫోల్డర్ మీదే రాయి, అదీ కాగితాలు లోపల పెట్టకముందు. పెట్టెల్లో కలరా ఉండలు వెయ్యకు. పురుగు కనిపిస్తే ఆ పెట్టెను మిగతావాటికి దూరంగా పెట్టి నాకు చెప్పు. తడిసినవి దొరికితే ఆలస్యం చెయ్యకు, రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఆరబెట్టడం వీలుకాకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచు. వినడానికి వింతగా ఉన్నా ఆర్కైవ్‌లలోనూ ఇదే చేస్తారు.

ఆర్కైవ్ గదుల్లో 20 డిగ్రీల దగ్గర చల్లదనం, 35 నుంచి 50 శాతం తేమ ఉండేలా చూస్తారు. ఇంట్లో అది కుదరదు, ఫర్వాలేదు. అటక మీది ట్రంకు పెట్టెను మాత్రం ఈ వారమే కిందికి దించు. పైకప్పు వేడికి పాత కాగితం ఎంత తొందరగా పెళుసవుతుందో చూశాను. చవక నవలల కాగితంలో ఆమ్లం ఎక్కువ, దానికి వేడి తోడైతే మడత దగ్గర విరిగిపోతుంది. మధ్యగదిలో, నేలకు జానెడు ఎత్తులో, బయటి గోడకు ఆనకుండా పెట్టు. ఫ్యాక్సులో వచ్చిన నున్నటి కాగితాలు దొరికితే అన్నిటికన్నా ముందు వాటి ఫొటోకాపీ తీయించు. ఆ అక్షరాలు వాటంతటవే వెలిసిపోతాయి.

కంప్యూటర్ గురించి. దయచేసి దాన్ని ఆన్ చెయ్యకు. ఆన్ చేసి ఫైళ్లు తెరిచినకొద్దీ వాటి తేదీలు మారిపోతాయి. ఏ డ్రాఫ్టు ముందు, ఏది తర్వాత అని చెప్పేవి ఆ తేదీలే. పైగా ఏళ్ల తరబడి తిరగని డిస్కు ఒక్కసారి మొరాయించిందంటే ఇక అంతే. ఆర్కైవ్ వాళ్ల దగ్గర డిస్కులోకి ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే వీలిచ్చే పరికరం ఉంటుంది. దాంతో మొత్తం డిస్కును ఉన్నదున్నట్టు నకలు తీస్తారు. ఫ్లాపీలుంటే లేబుళ్లు ఫొటో తీసి, అయస్కాంతాలకు, స్పీకర్లకు దూరంగా పెట్టు. వదిన ఇప్పుడు రాసుకుంటున్న ల్యాప్‌టాప్ సంగతి వేరు, అది నువ్వే చూడాలి. ఫైళ్ల పేర్లు మార్చకు. "ఫైనల్", "అసలు ఫైనల్", "ఫైనల్ కాదు" అని ఎలా ఉంటే అలాగే ఉంచు. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఇంట్లో. ఆన్‌లైన్‌లో రాసినవుంటే పాత వెర్షన్లు కూడా దింపుకో, లేదంటే చివరిది మాత్రమే మిగులుతుంది.

వీటన్నిటికన్నా తొందరగా చెయ్యాల్సింది వదినతో మాట్లాడటం. నేను చూసిన సేకరణల్లో చాలావరకు రచయిత పోయాకే వచ్చాయి. పిల్లలకు ఏమీ తెలియదు. నీకు ఆ బాధ లేదు. ఒక్కో పెట్టె ముందు కూర్చోబెట్టి, ఫోన్లో రికార్డు చేస్తూ అడుగు. ఏయే కలంపేర్లతో రాసింది, ఏ పేరు తనది, ఏ పేరు పత్రిక వాళ్లు పెట్టింది, మగపేరుతో ఎందుకు రాయాల్సి వచ్చింది, వేరేవాళ్ల పేరు మీద రాసిచ్చినవి ఉన్నాయా. ఈ చివరిదాని జవాబు బయటపెట్టాలో లేదో ఆవిడే చెప్పాలి. కలంపేర్ల జాబితా లేకపోతే సగం నవలలు ఎవరివో ఎప్పటికీ తేలవు.

ఎవరికివ్వాలంటావా? పెద్దపేరున్న సంస్థ కన్నా ఇలాంటి సాహిత్యాన్ని ఇష్టంగా చేర్చుకునే చోటు మేలు. టొరంటోలో జూడిత్ మెరిల్ అనే రచయిత్రి 1970లో తన పుస్తకాలు పబ్లిక్ లైబ్రరీకి ఇచ్చింది. సైన్స్ ఫిక్షన్‌కి పెద్ద సేకరణగా అది ఆమె పేరు మీదే నిలిచింది. టోల్కీన్ రాతప్రతులను 1957లో 1,500 పౌండ్లకు కొన్నది అమెరికాలోని మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయం. ఇంకా ఎవరూ అడగని రోజుల్లో అక్కడి లైబ్రేరియన్‌కి అది కావాలనిపించింది. నీకూ అలా కావాలనుకునే మనిషి దొరకాలి. ఇచ్చే ముందు వెళ్లి చూడు: రీడింగ్ రూమ్ ఎలా ఉంది, జాబితాలు ఎన్నాళ్లకు తయారుచేస్తున్నారు, ఇంతకుముందు వచ్చిన పెట్టెలు విప్పారా లేక అలాగే మూలన పడున్నాయా.

ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు తొందరపడకు. కాగితాలివ్వడం వేరు, కాపీరైటు ఇవ్వడం వేరు. విడిగా రాయకపోతే తర్వాత తగాదాలొస్తాయి. కాపీరైటు వదిన దగ్గరే ఉంచమని నా సలహా. అక్కర్లేనివి వాళ్లు పారేస్తారా, మీకు తిరిగిస్తారా అన్నది రాయించు. ఇంటర్నెట్‌లో పెట్టే అనుమతి విడిగా ఇవ్వు. ఇతరులు వదినకు రాసిన ఉత్తరాలు వస్తువుగా మీవే అయినా, వాటిలోని రాతపై హక్కు రాసినవాళ్లది. అభిమానులు మనసు విప్పి రాసిన ఉత్తరాలుంటాయి, అలాంటివాటిని కొన్నేళ్లపాటు ఎవరికీ చూపకుండా మూసి ఉంచమని షరతు పెట్టొచ్చు. మంచి ఆర్కైవ్ ఏదైనా అందుకు ఒప్పుకుంటుంది.

వదినకు ఏదైనా నిజంగా వద్దనుంటే? ఫాంటసీ రచయిత టెర్రీ ప్రాచెట్ తన అసంపూర్ణ రచనలను ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. ఆయన పోయిన రెండేళ్లకు, 2017లో, అవి ఉన్న హార్డ్ డ్రైవ్‌ను స్టీమ్ రోలర్ కింద తొక్కించారు. నాకు అది తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది, అయినా వాళ్లు చేసింది సరైనదే. మాట మాటే. కానీ వదిన "పారెయ్" అన్నది అలాంటి కోరికా, లేక తన పని ఎవరికీ పట్టదనే దిగులా? రెండూ ఒకటి కావు. నెమ్మదిగా కనుక్కో. ఆ గడియారం పేజీ సంగతి చదివి వినిపించు, ఏమంటుందో చూడు.

నేను వచ్చే నెల మొదటి వారంలో వస్తాను. పెట్టెలకు నంబర్లు వేసి, ఫొటోలు తీసి ఉంచు. ఆ గుడ్డసంచి ముడి మాత్రం నేనొచ్చేదాకా విప్పకు. ఫొటో పెద్దది చేసి చూస్తే లోపల కార్బన్ కాపీలున్నట్టు అనిపిస్తోంది, అవి ఒకదానికొకటి అతుక్కుని ఉంటే విడదీయడానికి ఇద్దరం కావాలి.

ప్రేమతో,
మీ బాబాయి