తప్పెట వెంట సింథ్ నడవాలి
(శబ్దం–శ్రుతి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మాది నలుగురి ఎలక్ట్రానిక్ బ్యాండ్. జాతరలో రికార్డు చేసిన పది నిమిషాల తప్పెటగుళ్లను 124 బీపీఎం (నిమిషానికి 124 దెబ్బలు) బీటు మీద పెడితే నిమిషం తిరిగేసరికి రెండూ విడిపోతున్నాయి. దెబ్బలన్నిటినీ గ్రిడ్‌కి (సాఫ్ట్‌వేర్‌లోని సమాన కాలపు గడులకు) లాగితే ప్రాణం పోతోంది. ఎలా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: తప్పెటగుళ్లలో రేకు తప్పెటను గుండెల మీద కట్టుకుని కొట్టేవాళ్లే చిందు వేస్తారు, పాట పాడతారు. ఆట ముదిరేకొద్దీ వేగం పెరగడం దాని స్వభావం. దాన్ని తప్పుగా చూసి దిద్దబోతేనే ప్రాణం పోతుంది. యంత్రాన్నే తప్పెట వెంట నడిపించండి. రికార్డింగ్‌ను ఏమాత్రం సాగదీయకుండా, ప్రతి ఆవర్తం (తాళం ఒక చుట్టు) తొలి దెబ్బ దగ్గర టెంపో మార్కరు పెట్టి, వేగం ఎక్కడెలా మారిందో చూపే టెంపో మ్యాప్ తయారు చేయండి. డ్రమ్ మెషీన్, స్వరాలను వరసగా వాయించే సీక్వెన్సర్ దాన్నే అనుసరిస్తాయి. పది నిమిషాలకూ కూర్చుంటే ఒక పూట పని, కానీ ఫలితం దక్కుతుంది.

అంత తీరిక లేకపోతే, మీ వేగానికి దగ్గరగా ఉన్నచోట నాలుగు ఆవర్తాలు కోసి లూప్ చేయండి, అంటే మళ్లీ మళ్లీ తిప్పండి. 118లో ఉన్న ముక్కను 124కి తేవడమంటే 5 శాతం. చెవికి పెద్దగా పట్టదు. 108లో ఉన్నదాన్ని తెస్తే దాదాపు 15 శాతం. రేకు మోత నలిగి, దెబ్బ మొన మొద్దుబారుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తాళవాద్యాల కోసం ఉన్న సాగతీత పద్ధతినే ఎంచుకోండి. గొంతుకు వాడే పద్ధతి దెబ్బకు ముందూ వెనకా మసక పూస్తుంది.

ఇంకొకటి చూడండి. దరువు మూడేసి దెబ్బల తకిట నడకలో ఉంటే, బీటును నాలుగు ముక్కలు చేసే గ్రిడ్ మీద అది ఎప్పటికీ కూర్చోదు. బీటును మూడు ముక్కలు చేసే ట్రిప్లెట్ గ్రిడ్‌కి మారండి: నాలుగు బీట్ల బారుకు 12 గడులు. టెంపో తప్పిందనుకుని గంటలు పోగొట్టుకునేది తరచూ ఇక్కడే. తప్పెట ట్రాకులో 150 హెర్ట్జ్ కింద ఉండేది చాలావరకు గాలి, అడుగుల చప్పుడే. కోసేస్తే కిక్‌కి (బీటులోని లోతైన డ్రమ్ముకు) చోటు దొరుకుతుంది.

ప్రశ్న: మా గాయకుడిది ఒకటి శ్రుతి. హెడ్‌ఫోన్లలో దద్దరిల్లే బేస్ పందిట్లో స్పీకరు పెట్టెల్లో వినిపించడం లేదు. పాటను నాలుగు శ్రుతికి పెంచితే గొంతు చిరుగుతోంది.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: శ్రుతిని కదపకండి. ఒకటి శ్రుతి అంటే సి. మీ బేస్ అట్టడుగు సి మీద ఉన్నట్టుంది, అంటే 32.7 హెర్ట్జ్. అద్దె పెట్టెలు చాలావాటికి అంత లోతు అందదు. బేస్‌ను ఒక స్థాయి పైకి, 65.4కి తెచ్చి కొద్దిగా శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) ఇవ్వండి. దాంతో పుట్టే 131, 196 హెర్ట్జ్ అనుస్వరాలను (హార్మోనిక్స్‌ను) చిన్న స్పీకరు కూడా పలికిస్తుంది, చెవి అడుగు స్వరాన్ని తానే పూరించుకుంటుంది.

హార్మోనియం కూడా ఉంటే ముందు ట్యూనర్‌తో చూసుకోండి. దాని ఎ స్వరం 440 కాక 445 దగ్గర ఉంటే తేడా దాదాపు 20 సెంట్లు (అర స్వరంలో ఐదో వంతు). అప్పుడు సింథ్ (సింథసైజర్) మాస్టర్ ట్యూన్‌నే, అంటే దాని మొత్తం శ్రుతి అమరికనే, మార్చాలి.

ప్రశ్న: జర్మనీ బ్యాండ్ క్రాఫ్ట్‌వర్క్‌లా మరమనిషి గొంతు తెలుగులో పెడితే మాటలు తెలియడం లేదు.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: 1974 నాటి ‘ఆటోబాన్’లోనే వాళ్లు వోకోడర్ (గొంతు తీరును సింథ్ శబ్దానికి అద్దే పరికరం) వాడారు. పలికే గొంతు ఒకవైపు, దాన్ని మోసే సింథ్ శబ్దం ఇంకోవైపు ఉంటాయి. మోసేదానికి అనుస్వరాలు దండిగా ఉండే సా-టూత్ తరంగం పెట్టండి. నున్నటి సైన్ తరంగంలో అనుస్వరాలే లేవు, అక్షరం చెక్కడానికి ఏమీ మిగలదు. బ్యాండ్లు (గొంతును విడగొట్టే ఫ్రీక్వెన్సీ భాగాలు) మరీ తగ్గితే ల, ళ లాంటి దగ్గరి అక్షరాలు ఒకటైపోవచ్చు. స, ష, చ నిలవాలంటే అసలు గొంతులో 5 కిలోహెర్ట్జ్ పైభాగాన్ని సన్నగా కలపండి.

అన్నిటికంటే ముఖ్యం రిలీజ్, అంటే గొంతు ఆగాక శబ్దం అణగడానికి పట్టే సమయం. ‘అక్క’లో ద్విత్వమంటే నోట్లో గాలి ఆగిన ఒక క్షణం నిశ్శబ్దం. రిలీజ్ పొడవైతే, లేదా రివర్బ్ (గది మోత) ఎక్కువైతే, ఆ ఖాళీ నిండిపోయి ‘అక’ అని వినిపిస్తుంది. 20–30 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, రివర్బ్ పూర్తిగా తీసేసి, ముందు ఒత్తులు వినపడేలా చూసుకోండి.