ఓజేటీ సీట్లు: మార్కులా, చీటీలా?

ఐటీఐ పిల్లల ఓజేటీ (ఆన్ ది జాబ్ ట్రైనింగ్, అంటే పనిచోటే నేర్చుకోవడం), అప్రెంటిస్‌షిప్‌ల మీద ఈసారి వచ్చిన ప్రశ్నలు.

ప్రశ్న: నేను ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కి ఏటీఓని (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్). యూనిట్‌లో 20 మంది. ఓజేటీకి సబ్‌స్టేషన్‌లో 4, స్పిన్నింగ్ మిల్లులో 6, రెండు మోటార్ వైండింగ్ షాపుల్లో మూడేసి, హౌస్ వైరింగ్ కాంట్రాక్టర్ దగ్గర 4 సీట్లు కుదిరాయి. అందరికీ సబ్‌స్టేషనే కావాలి. మార్కుల వరసన ఇస్తే కొందరు, ముందు అడిగినవాళ్లకి ఇస్తే ఇంకొందరు గొడవ. ఏది న్యాయం?
– ఒక ఏటీఓ, ప్రకాశం జిల్లా

జవాబు: చీటీలు వేయండి. 2022 సిలబస్ నుంచి ఏడాదికి 150 గంటల ఓజేటీ తప్పనిసరి. దగ్గర్లో పరిశ్రమ లేకపోతేనే గ్రూప్ ప్రాజెక్ట్. సిలబస్‌లో ఉన్న గంటల మీద ఫస్టొచ్చిన పిల్లాడికి ఎంత హక్కుందో, చివర ఉన్నవాడికీ అంతే. మార్కులు అడ్మిషన్ దగ్గర ఒకసారి చూశాం, చాలు. ఇక ముందొచ్చినవాళ్లకి ఇవ్వడం అన్నిటికంటే అధ్వానం. తొలి బస్సు తొమ్మిదింటికి గానీ దిగని ఊరివాడు ఏటా ఓడిపోతాడు.

చీటీ కంటే ముందు ఒక్కో చోట పని ఏమిటో కనుక్కుని నోటీసు బోర్డులో పెట్టండి: ఏ పని చేతికిస్తారు, ఎవరి కింద, వేళలు ఏమిటి, బస్సు ఉందా. ఇది పెట్టగానే సగం గొడవ దానంతటదే తగ్గుతుంది. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కి పేరు గొప్పే గానీ, లైవ్ లైన్ల దగ్గర పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వరు. లాగ్‌బుక్‌లో రీడింగులు రాయడం, బ్రేకర్ ఆపరేట్ చేస్తుంటే చూడడం వరకే. వైండింగ్ షాపులో అయితే కాలిన మోటారు విప్పి పాత కాయిల్ లాగడం, స్లాట్లలో పేపర్ పెట్టడం, చుట్లు లెక్కపెట్టి కొత్త కాయిల్ దించడం, వార్నిష్, చివర మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ సరిగా ఉందో చూడడం దాకా అన్నీ చేతి మీదే. ఇది తెలియకే సబ్‌స్టేషన్‌కి ఎగబడతారు. ఊడవడం, టీలు తేవడం తప్ప ఇంకో పని చెప్పని చోటుంటే లిస్టులోంచే తీసేయండి.

ఆ తర్వాత ప్రతి ఒక్కరూ అన్ని చోట్లనీ తమకు నచ్చిన వరసలో రాసివ్వాలి. అందరి ముందూ చీటీలు తీసి 1 నుంచి 20 దాకా నంబర్లు ఇవ్వండి. నంబరు వరసన పిలిచి, వాళ్ల కాగితంలో ఇంకా ఖాళీ ఉన్న మొదటి చోటు ఇచ్చేయండి. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు నడిచే తీరే ఇది, ర్యాంకు బదులు చీటీ నంబరు.

చాలాచోట్ల తప్పు జరిగేది ఇక్కడే. ముందు అందరి ఒకటో ఆప్షన్లూ చూసి సీట్లు నింపేసి, తర్వాత రెండోవి చూస్తారు. సబ్‌స్టేషన్‌ని 9 మంది, మిల్లుని 6గురు, వైండింగ్‌ని 3, కాంట్రాక్టర్‌ని 2 ఒకటో ఆప్షన్‌గా పెట్టారనుకుందాం. సబ్‌స్టేషన్ దొరకని ఐదుగురి రెండో ఆప్షన్ మిల్లు. వాళ్ల వంతు వచ్చేసరికి మిల్లు నిండిపోయింది, చీటీలో 5వ నంబరు వచ్చినవాడికి కూడా. మరుసటి ఏడు పిల్లలు మనసులో ఉన్నది రాయరు, పందెం కాస్తారు. ఎవరు ఏం రాస్తున్నారో ముందే కనుక్కోగలిగినవాడు గెలుస్తాడు. అమెరికాలోని బోస్టన్‌లో స్కూలు సీట్లు ఇలాగే ఇచ్చి, ఇదే కారణంతో 2005లో ఆ పద్ధతి మానుకున్నారు.

మీది రెండేళ్ల ట్రేడ్ కాబట్టి రెండో ఏడు మళ్లీ చీటీ వద్దు. నంబర్లు తిరగేయండి, 20వ వాడు ముందు. వెల్డర్ లాంటి ఏడాది ట్రేడ్ అయితే 75 గంటల చొప్పున రెండు చోట్లకి పంపొచ్చు. మిల్లుని మాత్రం అలా విడగొట్టకండి. రోజుకి 8 గంటల లెక్కన 75 గంటలంటే పది రోజులైనా ఉండదు. సేఫ్టీ పాఠాలు అయి, సెక్షన్లు తెలిసేలోపే తిరిగొచ్చేస్తారు.

ప్రశ్న: ఒక కంపెనీ ఇంటర్వ్యూ చేసి తనే ఎంచుకుంటానంటోంది. ఆడపిల్లలు వద్దంటోంది.
– ప్లేస్‌మెంట్ ఇన్‌చార్జి, ప్రైవేట్ ఐటీఐ, వరంగల్

జవాబు: ఎంచుకోనివ్వండి, కానీ తనకు నచ్చిన పేర్ల వరస కంపెనీ సీల్డ్ కవర్‌లో ముందే ఇవ్వాలి. పిల్లలు ముందు తమ ఒకటో చోటుకి వెళ్తారు. కంపెనీ తనకున్న సీట్ల వరకు తాత్కాలికంగా పెట్టుకుని మిగతావాళ్లని వదులుతుంది. వాళ్లు రెండో చోటుకి వెళ్తారు. అక్కడ తన లిస్టులో ఇంకా పైనున్న పిల్లాడు వస్తే కంపెనీ ముందు పెట్టుకున్నవాడిని వదలొచ్చు. కదిలేవాళ్లు ఎవరూ లేనప్పుడే ఖాయం. గేల్, షాప్లీ అనే ఇద్దరు అమెరికా గణితవేత్తలు 1962లో చెప్పిన పద్ధతి ఇది. అమెరికాలో కొత్త డాక్టర్లకి ఆసుపత్రులు కేటాయించేదీ ఈ లెక్కనే. ఒక యూనిట్‌కైతే నల్లబల్ల, చీటీలు చాలు. ఫోన్లో ‘ఫలానావాడిని ముందే ఖాయం చేయండి’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు.

ఆడపిల్లల సంగతికి వస్తే, ఎందుకు వద్దో అడగండి. చాలావరకు టాయిలెట్, రాత్రి షిఫ్ట్ అంటారు. పగటి షిఫ్ట్ అడగండి, ఇద్దరిని కలిపి పంపండి. అప్పటికీ కాదంటే ఆ కంపెనీకి మగపిల్లల్నీ పంపకండి.

ప్రశ్న: ఓజేటీకి బస్ పాస్ పనికొస్తుందా?

జవాబు: రూట్ పాస్ ఇంటి నుంచి ఐటీఐ దాకానే. ఓజేటీ చోటు వేరే దారిలో ఉంటే మగపిల్లలు టికెట్ కొనాల్సిందే. ఆడపిల్లలకి తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లు ఉచితం, ఆధార్ దగ్గర పెట్టుకోవాలి. నోటీసు బోర్డులో రానుపోను చార్జీ కూడా రాయమని మీ ఏటీఓ గారిని అడగండి. ఆప్షన్ పెట్టేముందే అది తెలియాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఫిట్టర్ పాసయ్యాడు. ఒక ఫ్యాక్టరీ అప్రెంటిస్ అని చేర్చుకుని తెల్లకాగితం మీద సంతకం తీసుకుంది. సరేనా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: సరికాదమ్మా. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం ఒప్పందం అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదవ్వాలి. అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే మీ సంతకమూ కావాలి. 30 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థ, కాంట్రాక్ట్ వాళ్లని కలిపిన లెక్క మీద, 2.5 నుంచి 15 శాతం అప్రెంటిస్‌లని తప్పక తీసుకోవాలి. కాబట్టి వాళ్లు మీకేదో మేలు చేస్తున్నట్టు అనుకోకండి. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైనవాడికి కనీస స్టైపెండ్ నెలకి 7,000. ఇప్పటి రేటు పోర్టల్‌లో చూసుకోండి. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (దీన్ని చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. అబ్బాయి పోర్టల్‌లో లాగిన్ అయితే కాంట్రాక్ట్ కనబడాలి. కనబడకపోతే హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగమనండి. జవాబు రాకపోతే ఆ కాగితం కాపీతో మీ జిల్లా ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాల్‌ని కలవండి.