కాదని అనదు, కానీ కొయ్యలా బిగుసుకుపోతుంది

ప్రశ్న: అప్పా, మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నాకు 32, మా ఆవిడకు 27. నాది పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. పెళ్ళయి 14 నెలలైంది. దగ్గరకు వెళ్తే ఆమె ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోతుంది, ఒక్కోసారి ఏడుస్తుంది, కాదని మాత్రం అనదు. చిన్నప్పుడు వాళ్ళ బంధువు ఒకాయన తనతో తప్పుగా ప్రవర్తించాడని నెల క్రితం చెప్పింది. మొన్న సంక్రాంతికి ఆ మనిషికి మా ఇంట్లో భోజనం పెట్టాం. గాలి సోకిందేమో తాయెత్తు కట్టిద్దామంటుంది అమ్మ. కొంచెం మందు పట్టించు, సిగ్గు పోతుందంటాడు ఫ్రెండు. అసలు ఆమెకు మగవాళ్ళంటేనే ఇష్టం లేదేమోనని నా టెన్షన్. వాణ్ణి కొట్టాలని ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, అక్కను పిలిచినట్టు అప్పా అన్నావు కాబట్టి చనువుగానే మాట్లాడతాను.

ముందు ఆ 'కాదని అనదు' సంగతి చూద్దాం. భయం వేస్తే మనిషి తిరగబడతాడు, లేదంటే పారిపోతాడు, ఆ రెండూ కుదరనప్పుడు ఒళ్ళు బిగుసుకుపోయి నోరు పెగలదు. చిన్నపిల్ల ఇంట్లో మనిషి మీద ఏం తిరగబడుతుంది, ఎక్కడికి పారిపోతుంది? అప్పుడు తనను కాపాడుకోవడానికి ఆ ఒళ్ళు చేసిన పనే ఇప్పుడూ చేస్తోంది, ఎదురుగా ఉన్నది నువ్వని మనసుకు తెలిసినా సరే. ఆమె ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదు. ఇన్నాళ్ళూ నీకు తెలీదు, సరే, ఇకమీదట తెలీదనడానికి లేదు.

అందుకని కొన్నాళ్ళు ఆ పని పూర్తిగా ఆపెయ్. మనసులో అనుకుని ఊరుకోకు, ఆమెతో నోటితో చెప్పు, "నువ్వు అడిగేదాకా నేను ఆ మాట ఎత్తను" అని. ఇది ఓపిక పట్టమనే కబురు అనుకోకు, వైద్యంలో భాగమే. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు 1970లో చెప్పిన పద్ధతి ఒకటుంది, ఇప్పటికీ సెక్స్ థెరపీలో వాడతారు: కలయిక ఊసే లేకుండా, తాకడం ఒక్కటే, అదీ చేతులు, భుజాలు, వీపు దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా. ఇలా దెబ్బతిన్న మనిషికైతే ఇంకొంచెం మార్చుకోవాలి. లైటు వెయ్యాలా ఆపాలా, ఎవరు ముందు తాకాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ ఆమే చెప్పాలి. నోరు పెగలకపోవచ్చు కాబట్టి మంచం మీద రెండుసార్లు తడితే ఆపెయ్యాలనే గుర్తు పెట్టుకోండి. మధ్యలో చూపు ఎటో వెళ్ళిపోయినట్టుంటే పట్టుకుని కుదపకు, వెనక్కి జరిగి మామూలు గొంతుతో నీ పేరు చెప్పు, ఇది మన ఇల్లు, ఇవాళ ఫలానా వారం అని చెప్పు. ఏదో వాసన, ఒక మాట, మీద పడే బరువు, దేనివల్లైనా పాతది తిరగబెట్టొచ్చు. అదేమిటో ఆమె చెప్తే విను, అప్పుడేం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పమని మాత్రం అడగొద్దు.

నొప్పి కూడా ఉంటే లేడీ డాక్టరుకు చూపించండి. లోపలి కండరాలు తమంతట తామే బిగుసుకుపోవడాన్ని వెజైనిస్మస్ అంటారు, కావాలని చేసేది కాదు, నయమవుతుంది. పరీక్ష మధ్యలో ఆపమనే హక్కు అక్కడా ఆమెకు ఉంది.

తాయెత్తు అమ్మగారి తృప్తికి కట్టినా గాలి పేరుతో మంత్రాలు, వేపమండలు మాత్రం వద్దు, ఆమెకు అది ఇంకో బెదురు. మందు పట్టించమన్న ఆ ఫ్రెండు మాట ఇంకెప్పుడూ వినకు. మత్తులో ఉన్న మనిషి ఒప్పుకోవడం ఒప్పుకోలే కాదు. బస్టాండు గోడల మీద రాతలుంటాయి చూడు, ఫలానా ఆదివారం ఫలానా లాడ్జిలో సెక్స్ స్పెషలిస్ట్ అని, వాళ్ళ దగ్గరికీ వెళ్ళొద్దు. మాటలతో మనసుకు వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా లేదా అడుగు, అడిగితే కోప్పడేవాళ్ళు మనకు అక్కర్లేదు. విశాఖ దాకా వెళ్ళలేకపోతే ముందు టెలీ మానస్‌కు (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్), 14416కు ఫోన్ చెయ్యండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మొదటి కాల్ ఆమె చేస్తే మంచిది, నువ్వు వరండాలో కూర్చో.

మగవాళ్ళంటే ఇష్టం లేదా అన్నావు. నువ్వు రాసినదాంట్లో అలా అనుకోవడానికి ఏమీ లేదు. ఒకవేళ అదే నిజమైనా జబ్బు కాదు, దాన్ని మారుస్తామనే వైద్యం డాక్టరు వృత్తికే తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఇద్దరు ఆడవాళ్ళు జంటగా వచ్చి ఇదే బాధ చెప్పినా, చిన్నప్పుడు ఇలాంటిది జరిగిన మగవాడు వచ్చినా (వస్తారు, చెప్పడానికి మూడు నాలుగుసార్లు పడుతుంది) నా జవాబు ఇదే.

వాణ్ణి కొడితే ఊరంతా కారణం అడుగుతుంది, జవాబు చెప్పాల్సింది ఆమె. కేసు పెట్టాలా వద్దా ఆమె ఇష్టం. పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది, అంతకు ముందు జరిగినదైతే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) కింద చూడాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు, వెళ్ళి అడగాలనుకుంటే తోడు వెళ్ళు.

ఇక దసరా అయ్యాక విజయనగరం పైడితల్లి సిరిమాను జాతరకు చుట్టాలంతా దిగుతారు. ఆ మనిషిని పిలవొద్దు. అమ్మ ఎందుకని అడిగితే ఆమె పేరు ఎత్తకు, నాకూ ఆయనకూ మాటల్లేవని చెప్పి నీ మీద వేసుకో.