ఒక్కరికే ఇన్ని జబ్బులా? తిండికీ వాటికీ లింకేంటి?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ముందు బీపీ వచ్చింది, తర్వాత షుగర్, ఇప్పుడు కొలెస్ట్రాల్ కూడా ఎక్కువుందంటున్నారు. మోకాళ్ల నొప్పులు సరేసరి. బీపీకి ఉప్పు మానెయ్యమని ఒకరు, షుగర్‌కి తీపి వద్దని ఇంకొకరు, కొలెస్ట్రాల్‌కి నూనె ముట్టొద్దని మరొకరు చెబితే ఇక నేను తినేదేంటి? అసలు ఇవన్నీ తిండి వల్లే వస్తాయా, మా వంశమే ఇంతా? నాలుగో జబ్బు ఏదొస్తుందోనని ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు మూడు జబ్బులని లెక్కపెడుతున్నారు గానీ, చాలామందిలో వీటి మూలం దాదాపు ఒకటే. పొట్ట లోపల, కాలేయం చుట్టూ కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు, బయటికి తెలియని ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో లోలోపల ఉండే వాపు) ఏళ్ల తరబడి నడుస్తుంది, రక్తనాళాల లోపలి పొర మెల్లగా దెబ్బతింటుంది. ఆ దెబ్బ గుండె దగ్గర బయటపడితే గుండెజబ్బు, మెదడులో అయితే పక్షవాతం, కిడ్నీల్లో అయితే కిడ్నీ జబ్బు. అందుకే ఒకటి వచ్చినవాళ్లకి రెండోది తొందరగా వస్తుంది. వంశం పాత్ర ఉంది, కాదనను. కానీ నింద మొత్తం దానిమీదకి తోసేస్తే మన చేతిలో ఉన్నది కూడా వదిలేసినట్టే.

స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో సుమారు 2,400 మంది పెద్దవయసు వాళ్లను 15 ఏళ్లపాటు గమనించి, 2025లో ఫలితాలు ప్రచురించారు. వయసు పెరిగేకొద్దీ జబ్బులు ఎలాగూ పెరుగుతాయి. అయితే కూరగాయలు, పప్పుధాన్యాలు, బాదం, అక్రోట్ లాంటి గింజలు, పొట్టు తియ్యని ధాన్యాలు బాగా తిని, మాంసం, తీపి పానీయాలు తగ్గించినవాళ్లలో అవి ఒకదాని మీద ఒకటి చేరే వేగం తక్కువగా ఉంది. ఈ తేడా ముఖ్యంగా గుండె, రక్తనాళాలు, మెదడుకి సంబంధించిన జబ్బుల్లో కనిపించింది, ఎముకలు, కండరాల జబ్బుల్లో కనిపించలేదు. కాబట్టి మీ మోకాళ్లకి తిండిలో మందు వెతక్కండి. బరువు ఎక్కువుంటే తగ్గించుకోండి, వాటిమీద భారం తగ్గుతుంది, అంతే.

ఇక ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసి ప్యాకెట్లో పెట్టి అమ్మే తిండి సంగతి. ఏడు యూరప్ దేశాల్లో 2.66 లక్షల మందిపై చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. ఇలాంటి తిండి ఎక్కువైనవాళ్లకి క్యాన్సర్, గుండెజబ్బు, షుగర్‌లలో కనీసం రెండు వచ్చే అవకాశం కొంత ఎక్కువని తేలింది. ప్రాసెస్ చేసిన మాంసం, కూల్‌డ్రింకుల విషయంలో ఈ సంబంధం కనిపించింది (చక్కెర బదులు కృత్రిమ తీపి కలిపినవి కూడా, డైట్ అని రాసుందని మురిసిపోకండి). ప్యాకెట్ బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్ లాంటి ధాన్యపు టిఫిన్ల విషయంలో మాత్రం కనిపించలేదు. అంటే ప్యాకెట్ కనిపిస్తే చాలు విషం అని భయపడక్కర్లేదు. పైగా ఇలాంటి అధ్యయనాలు సంబంధం చూపిస్తాయి గానీ, కారణం ఇదేనని ఖాయంగా తేల్చలేవు.

మీ అసలు చిక్కు, జబ్బుకో డైట్ షీటు. వాటిని పక్కన పెట్టండి. బీపీ కోసం తయారైన డ్యాష్ డైట్ చూస్తే కూరగాయలు, పండ్లు, గింజలు, వెన్న తీసిన పాలు, తక్కువ ఉప్పు. షుగర్‌కీ, కొలెస్ట్రాల్‌కీ చెప్పేది కూడా కాస్త అటూఇటూగా ఇదే, ఒక్క కంచం సరిపోతుంది. ఉప్పు అసలే మానక్కర్లేదు, అన్నీ కలిపి రోజుకి 5 గ్రాములు దాటకుండా చూసుకోమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నూనె పూర్తిగా మానెయ్యమనడం మరీ అన్యాయం. స్పెయిన్‌లో చేసిన పెద్ద ట్రయల్‌లో మెడిటరేనియన్ డైట్‌ (మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల సంప్రదాయ తిండి)తోపాటు ఆలివ్ నూనె గానీ గింజలు గానీ బాగా తిన్నవాళ్లకి గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 30 శాతం తక్కువగా వచ్చాయి. ఏ నూనె, ఎంత, ఎన్నిసార్లు కాచింది అన్నది చూసుకోవాలి గానీ, నూనెని శత్రువుని చెయ్యక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నా. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతూ తిండి ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు, ముందు డాక్టర్‌తో మాట్లాడి డోసు సరిచేయించుకోండి. అలాగే సోడియం తగ్గించిన ఉప్పులో చాలావరకు పొటాషియం కలుపుతారు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకీ, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకీ అది ప్రమాదం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించకుండా అది కొనకండి.

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. సన్నగానే ఉంటాను, ఏం తిన్నా ఒళ్లు రాదు. నాకీ గొడవ లేనట్టేగా?
– మరో పాఠకుడు

జవాబు: అలా అనుకోకండి. చేతులు కాళ్లు సన్నగా ఉన్నా పొట్ట లోపల కొవ్వు పేరుకునేవాళ్లు చాలామందే ఉంటారు, బరువు మిషన్‌కి ఆ సంగతి తెలీదు. నడుము కొలత చూసుకుంటూ ఉండండి, బీపీ, షుగర్, లిపిడ్ (రక్తంలో కొలెస్ట్రాల్ లాంటి కొవ్వుల) టెస్టులు ఒకసారి చేయించి ఆ కాగితాలు దాచుకోండి. ఇంట్లో వాళ్లకి చిన్న వయసులోనే షుగర్ గానీ గుండెపోటు గానీ వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కి మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి.