హామ్‌లో రైలు రెండైంది, మేమూ రెండయ్యాం

జర్మనీలో కుటుంబమంతా కలుసుకోవాలని వెళ్లివచ్చినవాళ్లు, వెళ్లబోతున్నవాళ్లు రాసిన ఉత్తరాలకి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు మ్యూనిక్‌లో, అబ్బాయి, కోడలు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటారు. పోయిన వేసవిలో మేమిద్దరం, మా అత్తగారు, లండన్ నుంచి మా ఆడపడుచు కుటుంబం, అందరం అక్కడే కలిశాం. బెర్లిన్ చూసుకుని డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తుంటే రైల్లో అందరికీ ఒకచోట సీట్లు దొరకలేదు. వెనక పెట్టెలో ఖాళీ ఉందని మావారు, అత్తగారు ప్లాట్‌ఫామ్ మీంచి అక్కడికెళ్లి కూర్చున్నారు. హామ్ అనే స్టేషన్‌లో రైలు రెండు ముక్కలై మేము ఒక దారిన, వాళ్లు కొలోన్ దారిన పోయాం. మావారి ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది, మావాడి నంబరు ఆయనకి నోటికి రాదు. ఎవరో కాలేజీ అమ్మాయి పవర్‌బ్యాంక్ ఇస్తే ఫోన్ ఆన్ చేసి మాట్లాడారు. వుప్పర్‌టాల్‌లో దిగి ఉండమంటే దిగారు, మావాడు వెళ్లి తీసుకొచ్చాడు. అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు, ఆవిడ మాత్రం స్టేషన్ బయట తలకిందుల రైలు చూశానని ఇప్పటికీ అందరికీ చెబుతారు. అసలు బాధ ఏమిటంటే ఆ రాత్రి అబ్బాయికీ అల్లుడికీ మాటామాటా పెరిగింది. టికెట్ గ్రూప్‌లో పెట్టాను కదా అని వీడు, పెద్దవాళ్లకి నోటితో చెప్పాలి కదా అని ఆయన. వచ్చే వేసవికి మళ్లీ వెళ్తున్నాం, ఈసారి పదకొండు మందిమి, ఇద్దరు పసివాళ్లు కూడా. ఏం చేస్తే బాగుంటుంది?

జవాబు: ముందుగా మీ అబ్బాయికీ అల్లుడుగారికీ ఈ మాట చదివి వినిపించండమ్మా, ఇందులో ఇద్దరి తప్పూ లేదు. బెర్లిన్ నుంచి ఆ వైపు వచ్చే ఐసీఈ రైళ్లలో, అంటే వేగంగా వెళ్లే దూరప్రాంత రైళ్లలో, చాలావాటిని రెండు రైళ్లు కలిపి నడుపుతారు. హామ్‌లో విడదీసి ఒకదాన్ని డోర్ట్‌మండ్, ఎసెన్ మీదుగా డ్యూసెల్‌డార్ఫ్‌కి, రెండోదాన్ని హాగెన్, వుప్పర్‌టాల్ మీదుగా కొలోన్‌కి పంపుతారు. అలవాటు లేనివాళ్లకి బయటి నుంచి చూస్తే అంతా ఒకటే రైలు. రెండు ముక్కలకీ రైలు నంబర్లు వేరు, పెట్టెల నంబర్ల వరుస కూడా వేరు, సాధారణంగా ఒకటి ఇరవైల్లో ఉంటే రెండోది ముప్పైల్లో ఉంటుంది. లోపల నుంచి ఒక ముక్కలోంచి రెండో ముక్కలోకి నడిచి వెళ్లే దారి ఉండదు, రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫామ్ మీదకి దిగి మారాల్సిందే. కాబట్టి ఎక్కేముందు పెట్టె పక్కన తలుపు దగ్గరుండే చిన్న తెర మీద మీ ఊరి పేరు ఉందో లేదో చదవండి. ఖాళీ సీటు కనిపించిందని పెట్టె మారినప్పుడు కూడా అదే తెర మళ్లీ చూడాలి. ప్లాట్‌ఫామ్ మీద ఏ, బీ, సీ అంటూ అక్షరాలు వేలాడుతుంటాయి చూడండి, మీ పెట్టె ఏ అక్షరం కింద ఆగుతుందో బోర్డులో ఉంటుంది. పసివాళ్లతో, సామానుతో ఆ చివర నుంచి ఈ చివరకి పరుగెత్తే పని తప్పుతుంది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది రైలు సంగతి కాదు. మీ పెద్దవాళ్లిద్దరి దగ్గరా ఏమీ లేకపోవడం. టికెట్, ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు అన్నీ ఒక్కడి ఫోన్‌లో ఉంటే, ఆ ఒక్కడు పక్కన లేని నిమిషంలో మిగతా అందరూ దిక్కులు చూడాల్సిందే. మన కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ, పిల్లలు చూసుకుంటారులే అని పెద్దవాళ్లు, నేనున్నానుగా అని పిల్లలు. ఈసారి బయల్దేరేముందే ప్రతి ఒక్కరికీ, మీ అత్తగారితో సహా, ఒక కాగితం ఇవ్వండి. అందులో దిగే స్టేషన్ పేరు, ఇంటి అడ్రసు జర్మన్ అక్షరాల్లో, రెండు ఫోన్ నంబర్లు, వేసుకునే మందుల పేర్లు ఉండాలి. టికెట్ ప్రింటు కూడా ఇవ్వండి. అందరి టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉంటే విడిపోయినవాళ్ల దగ్గర టీసీకి చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే పదకొండు మందినీ మూడు జట్లు చేసి, జట్టుకో బుకింగ్ చేయించండి, ప్రతి జట్టులోనూ బోర్డులు చదవగలిగినవాళ్లు ఒకరుండేలా చూసుకోండి. ఆరుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి కొంటే గ్రూప్ రాయితీ ఉంది, అది పోతుంది కదా అంటారేమో. మీ పరిస్థితిలో పోతే పోనివ్వమనే నా సలహా.

విడిపోతే ఏం చేయాలో కూడా ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. తప్పిపోయినవాళ్లు తర్వాతి పెద్ద స్టేషన్‌లో దిగి అక్కడే ఉండాలి, వెతికేవాళ్లే వాళ్ల దగ్గరికి రావాలి, ఇద్దరూ ఒకరికోసం ఒకరు తిరగకూడదు. మీవాడు ఆరోజు చెప్పింది అదే, బాగా ఆలోచించాడు. పెద్ద స్టేషన్లలో బాన్‌హోఫ్స్‌మిస్సియోన్ అని ఒక సేవా కేంద్రం ఉంటుంది. 1894లో బెర్లిన్‌లో మొదలై ఇప్పుడు దేశమంతా ఉంది. ఒంటరిగా చిక్కుకున్నవాళ్లని, పెద్దవాళ్లని కూర్చోబెట్టి, ఫోన్ చేసిపెట్టి, రైలు ఎక్కించేదాకా తోడుంటారు, డబ్బు తీసుకోరు. ఆ పేరు కూడా కాగితంలో రాయండి.

ఇక టైములు. రైల్వే యాప్ ఏడెనిమిది నిమిషాల్లో రైలు మారమని చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. 2024లో జర్మనీలో దూరప్రాంత రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా. మీలాంటి పెద్ద కుటుంబానికి రైలు మారడానికి కనీసం అరగంట ఉండాలి. చవక టికెట్లు ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉంటాయి కానీ, గమ్యానికి ఇరవై నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యమవుతుందని తెలిస్తే ఆ కట్టుబాటు పోతుంది, వేరే రైలు ఎక్కొచ్చు. గంట ఆలస్యమైతే ఛార్జీలో పావు వంతు, రెండు గంటలైతే సగం వెనక్కి అడగొచ్చు. మామూలుగా ఆ డబ్బు తనంతట తాను రాదు, అడగాలి.

అబ్బాయి, అల్లుడి విషయంలో నేను చేయగలిగిన సాయం చిన్నదే. ఈసారి పనులు మీరే అందరి ముందూ పంచండి, రైళ్లన్నీ ఒకరు, బస, భోజనం అన్నీ ఒకరు. వెనకటిది తవ్వవద్దని ఇద్దరికీ విడివిడిగా కాక కలిపి చెప్పండి. ఒకరోజు అందరూ కలిసి వుప్పర్‌టాల్ వెళ్లండి. మీ అత్తగారు చూసిన ఆ వేలాడే రైలు 1901 నుంచి నడుస్తోంది, పదమూడు కిలోమీటర్లకి పైగా దారి, అందులో ఎక్కువ భాగం వుప్పర్ నది మీదుగానే. ఆవిడని ముందు కూర్చోబెట్టి తీసుకెళ్లండి.

ప్రశ్న: అమ్మానాన్న మొదటిసారి ఇద్దరే వస్తున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి స్టుట్‌గార్ట్ రైలెక్కాలి, ఆఫీసు సెలవు దొరక్క నేను వెళ్లలేను. విమానం దిగిన గంటన్నరకి రైలు బుక్ చేశాను, చాలా టెన్షన్‌గా ఉంది. సరిపోతుందా?

జవాబు: సరిపోదు, మార్చండి. యూరప్ సరిహద్దుల్లో 2025 అక్టోబరు నుంచి కొత్త పద్ధతి వచ్చింది, మొదటిసారి వచ్చేవాళ్ల వివరాలు, ఫొటో అక్కడే తీసుకుంటారు, క్యూలు పెరిగాయి. కనీసం మూడు గంటలు వదలండి, లేదా ఏ రైలైనా ఎక్కగలిగే పూర్తి ఛార్జీ టికెట్ కొనండి. ఇంకో సంగతి, ఆ విమానాశ్రయంలో రైల్వే స్టేషన్లు రెండున్నాయి. ఒకదానిలో లోకల్ రైళ్లు, ఇంకోదానిలో దూరప్రాంత రైళ్లు. వాళ్లు వెళ్లాల్సింది దూరప్రాంత రైళ్లుండే ఫెర్న్‌బాన్‌హోఫ్‌కి, ఆ పేరు పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. టికెట్ మీరే కొంటున్నారు కాబట్టి ఊరి పేరు కూడా సరిచూసుకోండి, పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది.

ప్రశ్న: మా చెల్లెలి ఇంటికి వెళ్తే ఒక సూట్‌కేసు రాలేదు. నాన్నగారి బీపీ మాత్రలు అందులోనే ఉన్నాయి, ఆరోజు ఆదివారం. నాలుగో రోజుకి సూట్‌కేసు వచ్చింది గానీ అప్పటిదాకా నరకం. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: విమానాశ్రయం దాటి బయటికి రాకముందే లగేజీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి దాని నంబరు తీసుకోవాలి. ఈలోగా కొన్న అవసరమైన బట్టలకీ సామానుకీ బిల్లులు దాచండి, సూట్‌కేసు చేతికొచ్చిన 21 రోజుల్లోగా ఆ ఖర్చు విమాన సంస్థని రాతపూర్వకంగా అడగొచ్చు. పెట్టె విరిగి వస్తే గడువు ఏడు రోజులే. మందుల సంగతికొస్తే, ఆదివారం కూడా ప్రతి ప్రాంతంలో వంతులవారీగా ఒక మందుల షాపు తెరిచే ఉంటుంది, మూసి ఉన్న షాపు తలుపు మీద ఆరోజు ఎవరి వంతో అంటిస్తారు. కానీ బీపీ మాత్రలు డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. 116117కి ఫోన్ చేస్తే సెలవు రోజుల్లో చూసే డాక్టరు ఎక్కడున్నారో చెబుతారు, ప్రాణం మీదకొస్తే 112. వీసా కోసం మీరు తీసుకున్న బీమా కనీసం 30,000 యూరోలది, దాన్ని వాడుకోవడానికి మొహమాటపడకండి, డాక్టరు దగ్గరికి వెళ్లేముందే బీమావాళ్లకి ఫోన్ చేయండి. ఇకనుంచి మాత్రలు, చీటీ మీ చేతిసంచీలోనే.

ప్రశ్న: మ్యూనిక్ నుంచి నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట చూడటానికి బయల్దేరాం. రైలు ఆలస్యమై మా టైము దాటిపోయింది, లోపలికి పంపలేదు, డబ్బు పోయింది. పిల్లలు ఏడుపు. మళ్లీ వెళ్లడం దండగేనా?

జవాబు: దండగ కాదు. కానీ పద్ధతి మార్చండి. ఆ కోటలోకి గైడుతోనే, టికెట్ మీద రాసిన నిమిషానికే పంపుతారు. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కి రైల్లో రెండు గంటలు, అక్కడి నుంచి బస్సు, తర్వాత కొండ మీదకి అరగంటకి పైగా నడక. ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద తిరగగలిగే బయర్న్ టికెట్ మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, దాంతో వెళ్లేవాళ్లు మధ్యాహ్నం రెండు తర్వాతి టైము తీసుకోవడం మేలు. పెద్దవాళ్లుంటే గుర్తుంచుకోండి, కొండ మీదకి వెళ్లే బస్సుగానీ గుర్రపు బండిగానీ కోట గుమ్మం దాకా వెళ్లవు, కొంత నడవాలి, లోపల మెట్లూ ఎక్కువే.

నన్నడిగితే ఆ చోటి అందం సగానికి పైగా బయటే ఉంది. రెండో లుడ్‌విగ్ రాజు 1869లో మొదలుపెట్టి, పూర్తికాకుండానే 1886లో చనిపోయాడు. మీరు ఫొటోల్లో చూసేదంతా మారియన్ వంతెన మీద నుంచి కనిపించే దృశ్యం, దానికి టికెట్ లేదు. కింద ఆల్ప్‌సే సరస్సు ఒడ్డున పిల్లలు గంటలు ఆడుకుంటారు. టైము తప్పిపోయినా ఆరోజు వృథా కాదని ముందే పిల్లలకి చెప్పి తీసుకెళ్లండి.

ప్రశ్న: బాబాయి టికెట్ కొని మరీ మెట్రో ఎక్కితే జరిమానా వేశారు. టికెట్ మీద ముద్ర వేయలేదట. ఇది న్యాయమేనా?

జవాబు: బాధగానే ఉంటుంది, కానీ నియమం అదే. మ్యూనిక్, బెర్లిన్ లాంటి చోట్ల మెషిన్‌లో కొన్న కాగితం టికెట్‌ని ఎక్కేముందు చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ లేనట్టే, 60 యూరోలు. అన్ని ఊళ్లలో ఇలా లేదు, అందుకే పొరపాటు పడతారు. నెలంతా ఉండి లోకల్ రైళ్లు, బస్సులే ఎక్కేవాళ్లకి డాయిచ్‌లాండ్ టికెట్ మేలు, 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు, ముద్ర గొడవ లేదు. ఐసీఈలో మాత్రం చెల్లదు. అది చందా కాబట్టి నెల పదో తారీఖులోగా రద్దు చేయకపోతే తర్వాతి నెలకీ డబ్బు కట్ అవుతుంది.

ప్రశ్న: ఇక్కడి నుంచి నెయ్యి, కోవా, మామిడిపండ్లు తెమ్మని అక్క అడిగింది. లండన్ నుంచి వచ్చే బావగారు పన్నీరు తెస్తానన్నారు. శనివారం రాత్రి అందరం దిగుతున్నాం, పొద్దున్నే పదిమందికి వంట. పరవాలేదా?

జవాబు: నెయ్యి, కోవా, పన్నీరు ఏవీ వద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు, బ్రెక్సిట్ తర్వాత లండన్ నుంచి వచ్చేవాళ్లకీ అంతే. మామిడిపండ్లకి, కరివేపాకుకి అధికారిక ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పత్రం లేకుండా తెచ్చుకోనిచ్చే పండ్లు ఐదే: కొబ్బరికాయ, అరటి, అనాస, ఖర్జూరం, దురియన్. ఆవకాయ, కారప్పొడి తీసుకెళ్లండి, సీసా మూత మీద రెండు కవర్లు కట్టండి. ఇక ఆదివారం అక్కడ సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరుస్తారు. కాబట్టి పాలు, కూరగాయలు, బియ్యం శనివారం పగలే కొని పెట్టమని అక్కకి ఇప్పుడే ఫోన్ చేయండి. దిగేది రాత్రి కదా, పది దాటితే అపార్ట్‌మెంట్లలో నిశ్శబ్దం పాటించే వేళ, ఎన్నాళ్లకో కలిసిన సంతోషంలో గొంతులు పెరగకుండా ఎలా ఉంటాయి? కింది ఇంటివాళ్లకి ఒకరోజు ముందే వెళ్లి, మావాళ్లంతా వస్తున్నారు అని అక్క ఒక మాట చెప్పి ఉంచితే మంచిది.